కలలోకి వచ్చిందా, వెళ్ళిందా?

సందేహం: లిసా మెక్‌మాన్ ఆంగ్ల నవల 'వేక్' (2008)ను మా అమ్మాయి కోసం తెలుగు చేస్తున్నాను. పదిహేడేళ్ళ జేనీ పక్కన ఎవరు నిద్రపోయినా, తన ప్రమేయం లేకుండానే వాళ్ళ కలలో పడిపోతుంది. నేను 'స్వప్నప్రవేశం చేసింది' అని రాశాను. మా అత్తగారు చదివి, "కలలోకి రావడం విన్నాం గానీ ఇదేమిటమ్మా?" అన్నారు. పోనీ 'కలలోకి లాగబడింది' అనవచ్చా?

సమాధానం: అమ్మా, మీ అత్తగారి మాట కొట్టిపారేయవలసింది కాదు. తెలుగులో మనిషి కలలోకి పోడు, కలే మనిషికి వస్తుంది. పీడకల వచ్చిందంటాం, పోయిన నాయనమ్మ కల్లోకి వచ్చిందంటాం. కృష్ణా జిల్లా శ్రీకాకుళంలో ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి తెలుగులో కావ్యం చెప్పమన్నాడని 'ఆముక్తమాల్యద'లో రాయలవారు చెప్పుకున్నదీ నిద్రించినవాడి వైపు నుంచే. ఆ వైపు నుంచి చూస్తే 'వచ్చు' తప్ప మరో క్రియ పొసగదు.

మీ కథ మాత్రం జేనీ వెంట నడుస్తుంది. కాబట్టి కథనంలో 'వెళ్ళింది' అనడమే న్యాయం. కలగన్న కుర్రాడు మర్నాడు "రాత్రి నువ్వు నా కల్లోకి వచ్చావు" అంటే, అక్కడ 'వచ్చావు' ఉండి తీరాలి. జరిగింది ఒకటే, క్రియలు రెండు. ఈ తేడా పాటిస్తే ఏ పుటలో ఎవరి కళ్ళతో చూస్తున్నామో పాఠకురాలికి వేరే చెప్పనక్కరలేదు.

'స్వప్నప్రవేశం' తప్పు సమాసం కాదు. కానీ వినగానే పరకాయప్రవేశం గుర్తొస్తుంది. శంకరాచార్యులు తన దేహాన్ని శిష్యులకు అప్పగించి, కోరి అమరుక మహారాజు శరీరంలో ప్రవేశించారని కథ. జేనీకి ఆ కోరికా లేదు, ఆ వ్యవధీ లేదు. 'జొరబడింది' అంటే ఇంకా అన్యాయం, లేని తప్పు ఆ పిల్ల మీద మోపినట్టవుతుంది.

ఇక 'లాగబడింది'. వ్యాకరణం ఒప్పుకుంటుంది, చెవి ఒప్పుకోదు. లాగిందెవరో తెలిసినప్పుడు వాళ్ళనే కర్తగా నిలబెట్టడం మన పలుకుబడి. ఇలా రాసి చూడండి: "పక్క బెంచీ కుర్రాడి తల వాలింది. జేనీ చేతిలో పెన్ను జారింది. వాడి కల ఆమెను లోపలికి లాగేసుకుంది." కల కర్త అయ్యేసరికి ఆమె నిస్సహాయత దానంతటదే తెలిసిపోయింది, 'తన ప్రమేయం లేకుండా' అని విడిగా చెప్పే పని తప్పింది. ప్రతిసారీ ఇదే వాక్యం విసుగు పుట్టిస్తుందనుకుంటే 'వాడి కలలో పడిపోయింది' అనండి, 'వాడి కలలోకి జారిపోయింది' అనండి. ఆ 'వాడి' మాత్రం వదలకండి. వట్టి 'కలలోకి జారిపోయింది' అంటే జేనీయే నిద్రపోయిందనుకుంటారు.

కథనంలో 'కలలోకి' చాలు, 'కలలోనికి' అక్కరలేదు. పిల్లల సంభాషణల్లో 'కల్లోకి' అని నిస్సంకోచంగా రాయండి.