గార్సియాకి గార్సియా ఏమవుతాడు?

మాడ్రిడ్‌కు కొత్తగా వచ్చిన ఒకమ్మాయి అడిగింది: "మా ఆఫీసులో నలుగురు గార్సియాలు. ఒకరి పేరు చివర గార్సియా గార్సియా అని రెండుసార్లు ఉంది. అచ్చుతప్పా?"

తప్పేం కాదమ్మా. స్పెయిన్‌లో ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు అదే. ఇక్కడ బిడ్డకు రెండు ఇంటిపేర్లు, నాన్నదొకటి, అమ్మదొకటి. ఒక గార్సియా ఇంకో గార్సియానే పెళ్లి చేసుకుంటే పిల్లలు అలా అవుతారు. ఒకే ఇంటిపేరంటే మనవాళ్లు సంబంధం దగ్గరే లేచిపోతారు గానీ, వీళ్లకి ఆ పట్టింపు లేదు. ఎందుకంటే గార్సియా మొదట్లో ఇంటిపేరే కాదు, మగవాళ్లకు పెట్టుకునే పేరు. స్పెయిన్ ఉత్తరాన మాట్లాడే బాస్క్ భాష నుంచి వచ్చిందని చాలామంది అంటారు. అర్థం ఎలుగుబంటి అని కొందరు, కుర్రవాడని కొందరు.

ఉత్తర స్పెయిన్‌లోని పాంప్లోనాను ఏలిన పాతకాలపు రాజుల పేర్లు చూస్తే సంగతి తెలుస్తుంది. 925లో పోయిన సాంచో గార్సెస్ అంటే గార్సియా కొడుకు సాంచో. ఆయన కొడుకు గార్సియా సాంచెజ్. అంటే తరానికోసారి మారిపోయేది. రొడ్రిగో కొడుకు రొడ్రిగెజ్, ఫెర్నాండో కొడుకు ఫెర్నాండెజ్ అయిందీ అలాగే. తర్వాత తర్వాత మారడం ఆగి, అవే ఇంటిపేర్లుగా నిలిచిపోయాయి. గార్సియాకి మాత్రం చాలామంది 'కొడుకు' అని చెప్పే ఆ చివరి తోక కూడా తగిలించలేదు.

స్పెయిన్ వాళ్లతో పాటు ఈ పేరూ ఓడెక్కింది. 2010 అమెరికా జనాభా లెక్కల్లో ఇంటిపేర్లలో దీనిది ఆరో స్థానం. ఫిలిప్పీన్స్‌లో కథ వేరు. 1849లో అక్కడి స్పానిష్ గవర్నర్ క్లావేరియా ఇంటిపేర్ల జాబితా తయారుచేయించి జనానికి పంచిపెట్టాడు. కాబట్టి ఇంటిపేరు స్పానిష్‌ది అయినంత మాత్రాన అక్కడివాళ్లు స్పెయిన్ సంతతి అనుకోకండి. పలకడం కూడా ఊరినిబట్టే: మాడ్రిడ్‌లో 'గార్థీయా', మెక్సికోలో 'గార్సీయా'.

ఎవరినైనా ఇంటిపేరుతో పిలవాలంటే మొదటిదే వాడండి. నవలా రచయిత గాబ్రియేల్ గార్సియా మార్కెజ్ 'గార్సియా మార్కెజ్' అవుతాడు గానీ, ఉత్త 'మార్కెజ్' కాడు.

ఇక మన సంగతి. ఇక్కడి ఫారాల్లో రెండు ఇంటిపేర్లకు రెండు గళ్లుంటాయి. రెండోది ఖాళీగా వదిలేయండి. అయినా ఓ కన్నేసి ఉంచండి: నేను వదిలేస్తే ఒక గుమాస్తా నా పేరులో సగం తీసి అందులో పెట్టాడు, సరిచేయించుకోవడానికి నెలలు తిరిగాను. రేపు స్పెయిన్ పౌరసత్వం తీసుకుంటే మాత్రం రెండూ కావాలి, రెండోది అమ్మగారి పుట్టింటి ఇంటిపేరు. మీ బర్త్ సర్టిఫికెట్ తీసి చూడండి. అందులో అమ్మ పేరు పక్కన నాన్నగారి ఇంటిపేరే ఉంటే పుట్టింటి పేరుకు రుజువు ఇప్పుడే వెతికి పెట్టుకోండి. లేకపోతే మీరూ ఒక గార్సియా గార్సియా అయిపోవచ్చు.