మార్ఫిన్ వేస్తే అత్తయ్య తొందరగా పోతుందా?

ప్రశ్న: మా అత్తయ్యకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. ఎముకలకు పాకిందని, ఇక కీమో వద్దని చెప్పి మార్ఫిన్ మాత్రలు రాసి పంపించేశారు. మా బావగారేమో అవి మత్తుమందులు, అలవాటు పడితే మానదు, పైగా ప్రాణం తొందరగా పోతుంది అని వేయనివ్వడం లేదు. రాత్రిళ్లు ఆవిడ మూలుగు వినలేకపోతున్నాం. ఏం చేయాలి? (ఓ పాఠకురాలు, వరంగల్)

అమ్మా, ముందు ఆ మాత్రలు వేయండి. డాక్టరు రాసిన మోతాదులో, రాసిన వేళకు. మీ బావగారి భయం నాకు తెలియనిది కాదు, తల్లి మీద ప్రేమతోనే అలా అంటున్నారు, కానీ ఆ భయం వల్ల బాధ పడుతున్నది ఆ తల్లే కదా. క్యాన్సర్ నొప్పికి సరైన మోతాదులో ఇచ్చే మార్ఫిన్ ప్రాణం తీయదు. ఆయన భయపడే మత్తు వ్యసనం కూడా ఇలా నొప్పికి వాడేవాళ్లలో చాలా అరుదు. కొన్నాళ్లు వాడాక శరీరం దానికి అలవాటు పడే మాట నిజమే, అందుకే ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. దాన్ని వ్యసనం అనరు.

చాలా ఇళ్లలో జరిగే తప్పొకటి చెప్తాను. నొప్పి భరించలేనంత అయ్యాక మాత్ర వేస్తారు, తగ్గగానే మానేస్తారు, మళ్లీ నొప్పి మొదటికొస్తుంది. మామూలు మార్ఫిన్ మాత్ర పని చేసేది దాదాపు నాలుగు గంటలు. అందుకే ‘నొప్పి వచ్చినప్పుడు’ అని కాకుండా గడియారం చూసి వేయాలి, రాత్రి పడుకునే ముందు ఎంత వేయాలో కూడా డాక్టరునే అడగండి. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉంటారు, కొందరికి వికారం కూడా ఉంటుంది, అది సర్దుకుంటుంది. సర్దుకోనిది మలబద్ధకం, కాబట్టి విరేచనం సాఫీగా అయ్యే మందు మొదటి రోజు నుంచే ఇవ్వాలి, అది రాయకపోతే అడిగి రాయించుకోండి. కిడ్నీ సమస్య ఉంటే మోతాదు మారుతుంది కనుక ఆ సంగతి దాచొద్దు. లేపినా లేవనంత మగతగా ఉన్నా, ఊపిరి బాగా నెమ్మదించినా వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి.

మీ బావగారితో ఇంకో మాట కూడా చెప్పండి. మార్ఫిన్ తయారయ్యేది నల్లమందు నుంచే. దాన్ని చట్టబద్ధంగా పండించే కొద్ది దేశాల్లో మనదీ ఒకటి, మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో పండుతుంది. అయినా 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల ఒక ఆసుపత్రి మార్ఫిన్ తెచ్చుకోవాలంటే రకరకాల లైసెన్సుల కోసం తిరగాల్సి వచ్చేది, దాంతో చాలామంది డాక్టర్లు దాని జోలికే పోలేదు, కొందరికి రాయడమే చేతకాకుండా పోయింది. 2014లో ఆ చట్టాన్ని సవరించి నొప్పి మందుల దారి సులువు చేశారు. అంత కష్టపడి తెచ్చుకున్న మందు మీ ఇంట్లో అల్మారాలో ఉంటే ఆవిడ మూలుగుతూ ఉండటం నాకు చాలా బాధగా ఉంది.

‘ఇక చేసేదేం లేదు’ అని పంపించారనుకోకండి. క్యాన్సర్‌కు చేసేది లేకపోవచ్చు, మనిషికి చేసేది చాలా ఉంది. దాన్నే పాలియేటివ్ కేర్ అంటున్నారు. అది ఆఖరి వారంలో మొదలుపెట్టేది కూడా కాదు. 2010లో అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరిన వాళ్ల మీద చేసిన అధ్యయనంలో, జబ్బు తెలిసిన కొత్తలోనే ఈ సేవ అందినవాళ్లు మిగతావాళ్ల కంటే రెండున్నర నెలలకు పైగా ఎక్కువ బతికారు. అదీ నొప్పి, దిగులు తక్కువగా. తెలంగాణ జిల్లాల్లో ప్రభుత్వం పెట్టిన పాలియేటివ్ కేంద్రాలున్నాయి, ‘ఆలన’ పేరుతో ఇంటికొచ్చి చూసే బృందాలున్నాయి. మీ జిల్లా ఆసుపత్రిలో అడగండి. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఇందుకు ప్రత్యేక విభాగమే ఉంది. పుళ్లు పడకుండా ఎలా తిప్పాలో, నోరు ఎలా శుభ్రం చేయాలో నర్సును అడిగి చేతితో చేసి చూపించమనండి, నోటిమాటగా వింటే రాదు.

ప్రశ్న: నాకు 68 ఏళ్లు, రిటైరైన టీచర్ని. రేపు నాకు స్పృహ పోయి, కోలుకునే ఆశ లేకపోతే వెంటిలేటర్ మీద పెట్టొద్దని ముందే రాసి పెట్టుకోవచ్చా? అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు, ఈ మాట ఎత్తితే ఫోన్ పెట్టేస్తాడు. (ఓ పాఠకుడు, విజయవాడ)

రాసుకోవచ్చు మాస్టారూ. ఇలా ముందే రాసి పెట్టుకునే కాగితాన్ని ‘లివింగ్ విల్’ అంటారు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఆ హక్కు మనకుందని చెప్పింది. అయితే అప్పట్లో మేజిస్ట్రేట్ సంతకం కావాలన్నారు, అది అయ్యే పని కాక చాలామంది ఆ కాగితం రాయించుకోలేకపోయారు. 2023 జనవరిలో దాన్ని సడలించారు. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ముందు మీరు సంతకం పెట్టి, నోటరీ చేతగానీ గెజిటెడ్ అధికారి చేతగానీ ధ్రువీకరణ చేయిస్తే చాలు. మీ తరఫున మాట్లాడేవాళ్ల పేర్లు ఒకటి కంటే ఎక్కువ రాయొచ్చు. మీకిది ముఖ్యం, ఎందుకంటే అబ్బాయి విమానం ఎక్కి దిగేలోపే నిర్ణయం తీసుకోవాల్సి రావచ్చు, ఊళ్లో ఉండే తమ్ముడో మేనకోడలో ఉంటే వాళ్ల పేరూ చేర్చండి. ఒక కాపీ మీరు రోజూ చూపించుకునే డాక్టరుకివ్వండి. మనసు మారితే ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు.

కాగితం చూసి వెంటనే ట్యూబులు తీసేస్తారని అనుకోకండి. ఆసుపత్రిలో ముగ్గురు డాక్టర్ల బోర్డు చూడాలి, తర్వాత ఇంకో బోర్డు కూడా సరేననాలి, మేజిస్ట్రేట్‌కు తెలియజేయాలి. ఇంజక్షన్ ఇచ్చి ప్రాణం తీయడం మాత్రం మన దేశంలో ఇప్పటికీ నేరమే, ఈ రెండూ ఒకటి కావు. 2025 జనవరిలో కర్ణాటక ప్రభుత్వం ఈ లివింగ్ విల్ పద్ధతిని ఆసుపత్రుల్లో ఎలా అమలు చేయాలో ఉత్తర్వు ఇచ్చింది. మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి ఆసుపత్రికీ ఈ పద్ధతి తెలిసేలా చేయాలని నా కోరిక.

అబ్బాయి సంగతి. ఫోన్లో ‘వెంటిలేటర్’ అనే మాటతో మొదలుపెట్టకండి, అతను దూరంగా ఉన్నాడు, ఆ మాట వినగానే టెన్షన్ పడతాడు. ఈసారి ఇంటికొచ్చినప్పుడు, మీకేది ఇష్టమో చెప్పండి: ఇంట్లోనే ఉండాలనా, నొప్పి లేకుండా ఉంటే చాలనా, మనవరాలు పక్కన ఉండాలనా. అవన్నీ విన్నాక కాగితం చూపించండి.

ప్రశ్న: నాన్నగారికి 82, మంచం పట్టి రెండు నెలలు. వారం నుంచి రెండు చెంచాలు కూడా తినడం లేదు. బలవంతంగా పెడుతున్నాం, సెలైన్ పెట్టించాలా? (ఓ పాఠకురాలు, అనంతపురం)

బలవంతంగా పెట్టకండి తల్లీ. ఒకసారి డాక్టరును ఇంటికి పిలిచి చూపించండి, నోటి పూతో, మలబద్ధకమో, ఇన్‌ఫెక్షనో ఉంటే అది నయం చేస్తే తింటారు. అలాంటిదేమీ లేదు, జబ్బే ఆఖరికొచ్చింది అంటే, తినకపోవడం వల్ల ఆయన పోవడం లేదు, పోతున్నారు కనుక తినడం లేదు. అప్పుడు శరీరానికి ఆకలి ఉండదు. నోట్లో కుక్కితే ఊపిరితిత్తుల్లోకి పోయి ఉక్కిరిబిక్కిరి అవుతారు. సెలైన్ కూడా చాలాసార్లు కాళ్ల వాపు, ఛాతీలో గురగుర పెంచుతుంది. అడిగితే ఆయనకిష్టమైంది చెంచాడు పెట్టండి. లేకపోతే తడిగుడ్డతో పెదాలు తడపండి, తల కొంచెం ఎత్తుగా పెట్టి చేయి పట్టుకుని పక్కన కూర్చోండి, పలకకపోయినా మాట్లాడండి, చెవులకు వినిపిస్తుండొచ్చు.