కట్లపాము కేసు వస్తే

చిరంజీవి శ్రావణికి మామయ్య ఆశీస్సులు.

దివిసీమలో పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) పోస్టింగ్ వచ్చిందట, సంతోషం. వానలు పడ్డాయంటే పాముకాటు కేసులు తప్పవమ్మా. కొత్తలో నేను చేసిన పొరపాటు నువ్వు చేయకూడదని రాస్తున్నాను.

తెల్లవారుజామున ఒక కూలీని కడుపునొప్పి అంటూ తీసుకొచ్చారు. రాత్రి నేల మీద పడుకున్నాడు. ఒంటి మీద కాటు గుర్తు లేదు, వాపు లేదు. గ్యాస్ ఇంజెక్షన్ చేసి పడుకోబెట్టాను. గంట తర్వాత చూస్తే రెప్పలు సగం వాలిపోయి, నన్ను చూడటానికి తల వెనక్కి ఎత్తుతున్నాడు. కట్లపాము! దాని కోరలు చిన్నవి, గాటు కనబడకపోవచ్చు.

నాగుపాము కాటుకీ రెప్పలు వాలతాయి, కానీ లోపల జరిగేది వేరు. నరం విడుదల చేసే ఎసిటైల్‌కొలీన్ అనే రసాయనం కండరం మీది రిసెప్టర్‌లో, అంటే దాని సీటులో, కూర్చుంటేనే కండరం కదులుతుంది. నాగుపాము విషం బస్సులో తువ్వాలు వేసినట్టు ఆ సీటు ఆపేస్తుంది. నియోస్టిగ్మిన్ అనే మందు ఇస్తే ఎసిటైల్‌కొలీన్ విరిగిపోకుండా పోగుపడి, సీటు కోసం పోటీపడుతుంది. అందుకే ముందు దాని దుష్ఫలితాలు తగ్గించే అట్రోపిన్, వెంటనే నియోస్టిగ్మిన్ ఇచ్చి రెప్పలు చూస్తూ ఉండు. కట్లపాము విషంలోని బీటా బంగారోటాక్సిన్ నరం కొసనే పాడుచేస్తుంది. ఇక బస్సెక్కే మనిషే రాడు. గంటలో మూడు డోసులకీ రెప్ప లేవకపోతే నియోస్టిగ్మిన్ ఆపేయి.

విషం లక్షణాలు కనబడగానే యాంటీవెనమ్ (విషానికి విరుగుడు మందు) పది వయల్స్ మొదలుపెట్టు, అది పడక రియాక్షన్ వస్తే ఇవ్వడానికి పక్కన అడ్రినలిన్ సిద్ధంగా ఉండాలి. పిల్లలకీ అదే డోసు, పాము చిన్నపిల్లలని విషం తగ్గించదు కదా. అయితే యాంటీవెనమ్ రక్తంలో తిరిగే విషాన్నే పడుతుంది. దెబ్బతిన్న నరం కొస మళ్లీ మొలవాలి, రోజులు పడుతుంది. అప్పటిదాకా ఊపిరి మనమే ఇవ్వాలి. ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టించు. ఇరవై దాకా వెళ్లినవాడు పన్నెండు దగ్గర ఆగితే అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యి.

ఇంకోమాట. కదలిక లేదని, కంటిపాప వెలుతురుకి ముడుచుకోలేదని ఆశ వదులుకోకు. ఆ రోగి అన్నీ వింటూ ఉంటాడు. మంచం పక్కన "ఇక లాభం లేదు" అనే మాట ఎవరినీ అననివ్వకు. ఆ కూలీ పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉండి బతికాడు. మెలకువ వచ్చాక, పెద్దాసుపత్రికి తీసుకెళ్లిన దారిపొడుగునా తన తమ్ముడు ఏడుస్తూ అంబూ బ్యాగు (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) నొక్కడం వినబడిందని చెప్పాడు.

రేపు డ్యూటీలో చేరగానే మీ అంబూ బ్యాగు మాస్కు చిరిగిందేమో చూడు.

మీ మామయ్య