ఒక ‘ఇన్’ కాదంటుంది, ఇంకో ‘ఇన్’ లోపలికి రమ్మంటుంది

ఈసారి బెంగళూరు పాఠకుల నుంచి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ‘ఇన్’తో మొదలయ్యే ఇంగ్లిష్ మాటల గురించే ఉన్నాయి. అందుకే అన్నీ ఒకచోట.

ప్రశ్న: రోజూ సిల్క్ బోర్డు దగ్గర ఏదో ఒక పెట్రోలు ట్యాంకర్ వెనక ఇరుక్కుంటాను. దాని మీద ‘హైలీ ఇన్‌ఫ్లేమబుల్’ అని రాసి ఉంటుంది. ఇన్‌కరెక్ట్ అంటే కరెక్ట్ కానిది కదా, మరి ఇది అంటుకోనిది అని అర్థం కాదా? – ఒక పాఠకుడు, బొమ్మనహళ్లి

జవాబు: కాదండీ, ఇట్టే అంటుకునేది అని అర్థం. దయచేసి ఆ వెనకాల సిగరెట్ ముట్టించకండి! మన స్కూళ్లలో ‘ఇన్ అంటే వ్యతిరేకం’ అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తారు, అక్కడే వస్తుంది చిక్కంతా. లాటిన్ నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చిన ‘ఇన్’లు రెండు, ఒకే ఇంటిపేరు ఉండి ఏ చుట్టరికమూ లేని ఇద్దరు మనుషుల్లాంటివి. ఒకటి ‘కాదు, లేదు’ అని చెప్పేది. ఇది మన సంస్కృతం మాటల్లోని ‘అన్’కి నిజంగానే బంధువు, అనర్హుడు, అనవసరం అంటామే, ఆ ‘అన్’. రెండోది ‘లోపలికి’ అని చెప్పేది, ఇన్‌హేల్, ఇన్‌కమ్‌లలో ఉన్నది ఆ అర్థమే. లాటిన్‌లో ‘ఇన్‌ఫ్లమ్మారే’ అంటే మంట పెట్టడం, ఇన్‌ఫ్లేమబుల్ దాన్నుంచి వచ్చింది. డాక్టరు వాపు చూసి ‘ఇన్‌ఫ్లమేషన్’ అంటాడు, అదీ ఈ కుటుంబమే. మనం కూడా పొయ్యిలో ఉన్నా కంట్లో ఉన్నా ‘మంట’ అనే అంటాం కదా.

మీకొచ్చిన అనుమానం చాలామందికి వచ్చింది. అలా పొరబడితే ప్రాణాల మీదికి వస్తుందని 1920ల్లో అమెరికాలోని నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ వాళ్లు ‘ఫ్లేమబుల్’ అనే రాయమని చెప్పడం మొదలుపెట్టారు. ఇప్పుడు రెండు మాటలకూ అర్థం ఒకటే. అంటుకోనిదానికి ‘నాన్‌ఫ్లేమబుల్’ అనాలి. అన్నట్టు, ఆ ట్యాంకర్ మీది ప్రమాద సూచన పలకలో 1203 అని కనిపిస్తే లోపల ఉన్నది పెట్రోలు, ఆ నంబరు ప్రపంచమంతటా ఒకటే.

ప్రశ్న: మా మేనేజర్ వెళ్లిపోతుంటే కార్డు మీద ‘మీ సాయం ఇన్‌వాల్యుబుల్’ అని ఇంగ్లిష్‌లో రాశాను. విలువ లేనిది అని రాశావంటూ టీమ్‌లో నవ్వుతున్నారు, ఒకటే టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: నవ్విన వాళ్లను ‘అమూల్యం’ అంటే ఏమిటో అడగండి. మూల్యం లేనిదనా, మూల్యం కట్టలేనిదనా? ఇదీ అంతే, వెల కట్టడానికి వీలుకానంత గొప్పది. ‘ప్రైస్‌లెస్’ కూడా ఇదే దారి. విలువ లేదని చెప్పాలంటే ‘వర్త్‌లెస్’ ఉంది, అది మాత్రం ఏ మేనేజర్ కార్డు మీదా రాయకండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ ఉగాది ఫంక్షన్‌లో యాంకరమ్మాయి ఒక గాయకుణ్ణి ‘ఇన్‌ఫేమస్ సింగర్’ అని పిలిచింది. అంటే బాగా ఫేమస్ అనేనా? – ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్

జవాబు: పేరు మోసిన దొంగను పరిచయం చేసినట్టయింది పాపం. ఇన్‌ఫేమస్ అంటే పేరు లేనివాడు కాదు, చెడ్డపేరు ఉన్నవాడు. పలకడం కూడా ‘ఇన్‌ఫమస్’ అనాలి, మొదటి అక్షరాన్ని ఒత్తి. ఆ గాయకుడికి ఇంగ్లిష్ అంతంతమాత్రమే అయి ఉండాలని కోరుకుందాం.

ప్రశ్న: మా బాబు ఐదో తరగతి. ‘అనేబుల్’ అని ఉన్నప్పుడు ‘అనెబిలిటీ’ కాకుండా ‘ఇనెబిలిటీ’ ఎందుకమ్మా అంటున్నాడు. ఇంపాజిబుల్‌లో ‘ఇన్’ ఎక్కడికి పోయిందని ఇంకో ప్రశ్న. – ఒక తల్లి, కె.ఆర్.పురం

జవాబు: వాడు అడిగింది చాలా మంచి ప్రశ్న. ‘అన్’ ఇంగ్లిష్ వాళ్ల సొంతం, ‘ఇన్’ లాటిన్ నుంచి తెచ్చుకున్నది. ‘ఏబుల్’ ఇంగ్లిష్‌లోకి వచ్చాక బాగా కలిసిపోయి ‘అన్’ తగిలించుకుంది, ‘ఎబిలిటీ’ మాత్రం లాటిన్ వేషం విప్పలేదు. అన్‌జస్ట్ – ఇన్‌జస్టిస్, అన్‌ఈక్వల్ – ఇన్‌ఈక్వాలిటీ కూడా ఇలాంటి జతలే. దీన్ని గట్టి సూత్రం అనుకోవద్దు, అన్‌హ్యాపీకి అన్‌హ్యాపీనెస్సే ఉంది. వాడకం వింటూ పట్టుకోవాల్సిందే.

ఇక రెండో ప్రశ్నకు సంధి చెప్పండి, వెంటనే అర్థమవుతుంది. ఉత్, లాసం కలిస్తే ఉల్లాసం అయినట్టే ఇన్, లీగల్ కలిస్తే ఇల్లీగల్. ‘ర’ ముందు ఇర్రెగ్యులర్, ‘ప’, ‘బ’, ‘మ’ల ముందు ‘ఇమ్’. అయితే ఇమ్మిగ్రెంట్‌లోదీ ఇంపోర్ట్‌లోదీ ‘లోపలికి’ అనే రెండో రకం ఇన్, ఇమ్మోరల్‌లోది మొదటిది. పైకి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి, దాన్ని తీసేశాక మిగిలిన మాటకు అర్థమేమిటో చూడమనండి.

ప్రశ్న: వానకు ఇంటి గోడలన్నీ కారుతున్నాయి. ‘ది హౌస్ ఈజ్ ఇన్‌హాబిటబుల్’ అని ఓనర్‌కి మెయిల్ పెడితే ‘థ్యాంక్యూ’ అని జవాబిచ్చాడు. ఇదేం మనిషండీ? – ఒక పాఠకుడు, బీటీఎం లేఅవుట్

జవాబు: ఈ ఒక్క విషయంలో ఆయన్నేమీ అనలేం. ఇన్‌హాబిట్ అంటే నివసించడం. ఇల్లు నివాసానికి పనికొస్తుందని మీరే రాసిచ్చారు! ‘అన్‌ఇన్‌హాబిటబుల్’ అని మార్చి, గోడల ఫోటోలు జతచేసి ఈ రోజే ఇంకో మెయిల్ పెట్టండి, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సు మొత్తం వెనక్కి కావాలంటే.