డ్యాష్‌బోర్డులో ఒక అంకె, అకౌంట్స్‌లో ఇంకో అంకె ఎందుకొస్తోంది?

తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాకపోవచ్చు. సేల్స్ డ్యాష్‌బోర్డులో (అమ్మకాల అంకెలన్నీ ఒకేచోట చూపించే స్క్రీన్‌లో) నెల అమ్మకాలు ఎక్కువగా, అకౌంట్స్ రిపోర్టులో తక్కువగా వస్తుంటే, చాలావరకు రెండు విభాగాలూ ‘అమ్మకం’ అన్న మాటను వేర్వేరుగా లెక్కపెట్టడం వల్లే ఇలా అవుతుంది.

1. నెల మొత్తం పోల్చకండి, తల తిరిగిపోతుంది. తేడా వచ్చిన ఒక్క ఆర్డరు తీసుకుని రెండు చోట్లా వెతకండి.

2. తేదీ చూడండి. ఆర్డరు 30న వచ్చి, ఇన్వాయిస్ 2న పడితే సేల్స్‌కి అది ఈ నెల అమ్మకం, అకౌంట్స్‌కి వచ్చే నెలది.

3. పన్ను, డిస్కౌంటు, వాపసు వచ్చిన సరుకు ఎవరు తీసేస్తున్నారో, ఎవరు కలిపేస్తున్నారో చూడండి.

4. దాదాపు అందరూ వదిలేసేది ఇదే: నిర్వచనం రాసిపెట్టడం. ‘నికర అమ్మకం అంటే ఇన్వాయిస్ తేదీ ప్రకారం, పన్ను కలపకుండా, రిటర్నులు తీసేశాక మిగిలేది’ అని ఒక్క వాక్యం రాయండి. సేల్స్, అకౌంట్స్ మేనేజర్లిద్దరూ ఒప్పుకున్నాకే రిపోర్టు క్వెరీ (డేటాబేస్ నుంచి అంకెలు తెచ్చే ఆదేశం) ముట్టుకోండి. లేదంటే ఐటీ వాళ్లు ఎన్నిసార్లు సరిచేసినా వచ్చే నెల మళ్లీ ఇదే టెన్షన్.

5. ఆర్డర్ల అంకెను మాత్రం పారేయకండి, రాబోయే డిమాండు ముందుగా తెలిసేది దాంతోనే. ‘బుకింగ్స్’ అని వేరే పేరు పెట్టి పక్కన చూపించండి.