డబ్బా విప్పామా, ఒలిచామా?

సందేహం: హనుమకొండలో మాకు కంప్యూటర్ రిపేర్ దుకాణం ఉంది. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పనిచేయడం లేదని ఎవరైనా తెస్తే, పైడబ్బా తీసి, లోపలి డిస్కును నేరుగా కంప్యూటర్‌కు తగిలించి చూస్తాం. ఈ మధ్య రశీదులు తెలుగులో రాస్తున్నాను. 'హార్డ్ డిస్క్ విప్పి చూశాం' అని రాస్తే, రిటైరైన తెలుగు సారు ఒకరు 'విప్పడానికి అదేమన్నా మూటనా? విడదీశాం అని రాయాలె' అన్నారు. మా తమ్ముడేమో 'ఓపెన్ చేశాం' అంటే సరిపోతుంది కదా అంటాడు. మాటల్లో మేమంతా 'ఇప్పినం' అనే అంటాం. ఇందులో ఏది సరైనది?

సమాధానం: ముందు మీ తమ్ముడి మాట సంగతి చూద్దాం. ఒకసారి నా డిస్కు కూడా మొరాయించింది. దుకాణంలో ఇచ్చి వచ్చిన మర్నాడు ఆ కుర్రాడు ఫోన్ చేసి, 'సార్, మీ హార్డ్ డిస్క్ ఓపెన్ చేసినం' అన్నాడు. ఫైళ్లన్నీ దొరికాయనుకుని ఇంట్లో అందరికీ చెప్పేశాను. తీరా వెళ్తే, అతను తీసింది ప్లాస్టిక్ డబ్బా మాత్రమే. ఇంకో మూడో అర్థం కూడా ఉంది, అదైతే మరీ టెన్షన్. డిస్కుకు ఉన్న లోహపు మూతనే తీశారనుకోవచ్చు. లోపల గిర్రున తిరిగే పళ్లేనికీ, దాన్ని చదివే ముల్లుకూ మధ్య ఎడం వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. దుమ్ములో ఆ మూత తీశారంటే డిస్కు మీద ఆశ వదులుకోవలసిందే. డబ్బునూ డేటానూ అప్పగించిన మనిషికి మూడర్థాల మాట రాసివ్వకూడదు. 'తెరిచాం' అన్నా ఇదే చిక్కు.

ఇక సారు చెప్పిన 'విడదీయు'. అది కలిసి ఉన్నవాటిని వేరుచేయడం. కొట్లాడుకునేవాళ్లను విడదీస్తాం, సంధిని విడదీస్తాం. సారుకు బళ్లో వేల సంధులు విడదీసిన అలవాటు కదా, ఆ మాటే ముందు నోటికి వచ్చి ఉంటుంది! 'డబ్బా నుంచి డిస్కును విడదీశాం' అంటే తప్పేమీ లేదు. 'డిస్కును విడదీశాం' అని ఊరుకుంటే మాత్రం, దేని నుంచి అని అడగాల్సి వస్తుంది.

'విప్పు' మూటకే పరిమితమన్న మాట నేను ఒప్పుకోను. ముడి విప్పుతాం, గొడుగు విప్పుతాం, పాము పడగ విప్పుతుంది, పొడుపుకథ విప్పుతాం. చుట్టి, మడిచి, ముడివేసి, బిగించి ఉన్నదాన్ని వచ్చిన దారినే వెనక్కి తీసుకువెళ్లడం అందులోని భావం. పెట్టె తెరుస్తాం, మూట విప్పుతాం. నోరు తెరిచాడంటే ఆవులించాడేమో, నోరు విప్పాడంటే మాత్రం మాట్లాడాడు. స్క్రూ ఎక్కేది చుట్లు తిరుగుతూనే, దిగేదీ చుట్లు తిరుగుతూనే. కాబట్టి స్క్రూకు 'విప్పు' కొలిచి కుట్టినట్టు సరిపోతుంది. పానా పట్టిన మెకానిక్కులు ఇంజన్ విప్పామంటున్నారు, వాళ్లది మంచి తెలుగే.

అయితే మీరు తీసే డబ్బాలన్నింటికీ స్క్రూలు ఉంటాయా? జేబులో పట్టే రెండున్నర అంగుళాల డిస్కుల డబ్బాలకు చాలావాటికి బయట ఒక్క స్క్రూ కూడా కనిపించదు. రెండు ప్లాస్టిక్ చిప్పలు అంచుల్లోని కొక్కేలతో ఒకదాన్నొకటి కరుచుకుని ఉంటాయి. సందులో పాత ఏటీఎం కార్డులాంటిది దూర్చి చుట్టూ జరుపుతూ పోతే ఒక్కో కొక్కెం టక్కుమంటూ ఊడుతుంది. ఇందులో ముడీ లేదు, చుట్టూ లేదు. పైది పోయి లోపలిది చెక్కుచెదరకుండా చేతికి రావాలి. దీనికి తెలుగులో సొంత మాట ఉంది: ఒలవడం. బత్తాయి ఒలుస్తాం, ఎల్లిగడ్డ ఒలుస్తాం, పల్లికాయ ఒలుస్తాం. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాడంటాం. కత్తితో గీకితే అది చెక్కడం, రాయితో కొడితే పగలగొట్టడం. లోపలిది నలగకుండా పైపొర తీస్తేనే ఒలవడం. అన్నట్టు, ఇంగ్లీషువాళ్లు ఈ డిస్కుల పనిని 'షకింగ్' అంటారు. మక్క కంకి పొట్టు తీయడానికీ, ఆల్చిప్ప తెరిచి లోపలి మాంసం తీయడానికీ వాళ్లు వాడే మాట అది. ఎనుమాముల మార్కెట్‌కు మక్కలు తోలే రైతు ఇంట్లో ఆ పనికి మాట అరువు తెచ్చుకోవలసిన అవసరం ఏముంది? కాకపోతే మక్క కంకిని రెండుసార్లు ఒలుస్తారు, ముందు పొట్టు, తర్వాత గింజలు. డిస్కుకు మొదటి ఒలుపే, రెండోదాని జోలికి పోవద్దు.

'ఒలుచు'ను మీకు ఇంతగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. విప్పినదాన్ని మళ్లీ బిగించవచ్చు. తెరిచినదాన్ని మూయవచ్చు. 'ఒలుచు'కు మాత్రం ఎదురు క్రియ లేదు. ఒలిచిన తొక్కను అరటిపండుకు మళ్లీ ఎవరు తొడుగుతారు? ఆ కొక్కేలలో ఒకటో రెండో తరచూ విరుగుతాయి, డబ్బా మునుపటిలా మూతపడదు. 'ఒలిచాం' అని రాస్తే ఆ సంగతి కూడా నిజాయితీగా చెప్పినట్టే. 'విప్పాం' అని రాసి విరిగిన డబ్బా చేతిలో పెడితే, 'మరి బిగించి ఇవ్వలేదేం?' అని సారే అడుగుతారు.

డబ్బా పోయాక కూడా పని మిగులుతుంది కదా. యూఎస్‌బీ తీగకూ డిస్కుకూ నడుమ చిన్న బోర్డు ఉంటుంది. దూర్చి ఉన్న ఆ బోర్డును తీయడం 'ఊడదీయడం'. 'పీకినం', 'వీకినం' అని రాయకండి, పీకి పందిరేశారనుకుంటారు. కొన్ని డిస్కుల్లో ఈ బోర్డే సమాచారాన్ని రహస్య లిపిలోకి మారుస్తుంది. అది లేకుండా నేరుగా తగిలిస్తే డిస్కు బాగున్నా ఫైళ్లు కనిపించవు. ఊడదీసిన బోర్డును తిరిగి ఇచ్చామని రశీదులో రాయడం మర్చిపోకండి. ఇంకొన్నింటిలో యూఎస్‌బీ మూతి డిస్కు సొంత బోర్డుకే అతికి ఉంటుంది. అక్కడ ఊడదీయడానికి ఏమీ లేదు, నేరుగా తగిలించడమూ కుదరదు.

'ఇప్పినం' తప్పు కాదు. ఇకార ఎకారాల ముందు మొదటి వకారం జారిపోవడం మన దగ్గర మామూలే: ఇత్తనం, ఇనుడు, ఎండి, ఎన్నెల. మీ దుకాణంలో అదే మాట్లాడండి. రాతలో 'విప్పాం' అంటే బయటి ఊళ్లవాళ్లకు కూడా తడుముకోకుండా తెలుస్తుంది. పైగా 'చేసుడు, పోవుడు' లాగా దీన్ని నామవాచకం చేస్తే 'ఇప్పుడు' అవుతుంది. 'ఇప్పుడు ఇప్పుడు కాదు, రేపు రా' అని రాసిచ్చారనుకోండి, చదివినవాడు రెండుసార్లు చదవాలి!

'పైడబ్బా' బాగుంది, అలాగే ఉంచండి. కవచం, ఆవరణం అని పెద్ద మాటలు వెతకొద్దు. గలీబు అనకండి, అది మెత్తకు తొడిగేది. స్క్రూను 'మరమేకు' చేయాల్సిన పని కూడా లేదు.

మీ రశీదు మీద ఇలా రాయవచ్చు: 'పైడబ్బా ఒలిచి, బోర్డు ఊడదీసి, డిస్కును నేరుగా తగిలించి చూశాం. డిస్కు మూత తీయలేదు.' మూడున్నర అంగుళాల పెద్ద డిస్కులకు లోపల స్క్రూలు ఉంటే 'స్క్రూలు విప్పి' అని కలపండి. కొక్కేలు విరగవచ్చని మాత్రం డబ్బా చేతిలోకి తీసుకునేటప్పుడే నోటితో చెప్పండి.