స్కోపీలో అంతా నార్మల్, అయినా గొంతు బిగుసుకుపోతోంది: చేత్తో చేసే థెరపీ పనిచేస్తుందా?

నాకు పనిచేసింది. కాకపోతే నేను ఊహించుకున్న పద్ధతిలో కాదు.

నేను టీచర్‌ని. రోజూ సాయంత్రానికి గొంతు పట్టేసి మాట గీసుకుపోయేది. ఎసిడిటీ అనుకుని మూడు నెలలు మాత్రలు మింగాను. గొంతుకు రెస్ట్ ఇద్దామని గుసగుసగా మాట్లాడేవాడిని, దాంతో ఇంకా బిగిసింది. చివరికి ఈఎన్‌టీ డాక్టర్ స్కోపీ (గొంతులోకి సన్నని కెమెరా పంపి చూసే పరీక్ష) చేసి, స్వర తంతువులు బాగానే ఉన్నాయి, చుట్టూ ఉన్న కండరాలే అతిగా పట్టేస్తున్నాయన్నారు. పేరు మజిల్ టెన్షన్ డిస్ఫోనియా.

స్పీచ్ థెరపిస్ట్ బొటనవేలు, మధ్యవేలితో గడ్డం కింద ఉండే హయాయిడ్ ఎముకను రెండు వైపులా పట్టుకుని మెల్లగా గుండ్రంగా రుద్దారు. దానికీ కంఠమణికీ మధ్య వేలికి తగిలే సందు ఉండాలట. నాకు దాదాపు లేదు. "మీ స్వరపేటిక చూరు పట్టుకుని వేలాడుతోందండీ" అన్నారు. అక్కడ వేలు పెడితే పుండు మీద నొక్కినట్టుంది. తర్వాత స్వరపేటికను కిందికి లాగుతూ "మ్‌మ్" అనమన్నారు. ఐదారుసార్లు గరగర, ఆ తర్వాత ఉన్నట్టుండి నిండైన గొంతు! ఆశ్చర్యపోయి ఆపేశాను. "ఆపకండి, అదే గొంతుతో అంకెలు చెప్పండి, వారాల పేర్లు చెప్పండి" అని వెంటపడ్డారు. అంతా బాగానే చెప్పాను. మళ్లీ ఎప్పుడు రావాలండీ అని అడిగేసరికి పాత గొంతే.

అప్పుడర్థమైంది నాకు. చెయ్యి పట్టు వదిలిస్తుంది, అంతే. వదిలిన ఆ క్షణంలో వచ్చిన గొంతును పట్టుకుని మాటల్లోకి, వాక్యాల్లోకి, ఫోన్ కాల్స్‌లోకి తెచ్చుకోవడం మన పని. ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది అమెరికన్ స్పీచ్ పాథాలజిస్ట్ ఆర్నాల్డ్ ఆరన్సన్. 1990ల్లో పరిశోధకుడు నెల్సన్ రాయ్ బృందం దీన్ని పరీక్షించినప్పుడు చాలామందికి మొదటి సిటింగ్‌లోనే గొంతు మెరుగైంది. నిలబెట్టుకోవడానికి నాకైతే రెండు నెలలు పట్టింది.

వీడియోలు చూసి మీరే గట్టిగా నొక్కకండి. మెడకు రెండు పక్కలా నాడి కొట్టుకునే చోట మెదడుకు వెళ్లే పెద్ద రక్తనాళాలుంటాయి. ఇది చదివే వాళ్లలో 4 వారాలు దాటినా బొంగురు తగ్గనివాళ్లుంటే ముందు స్కోపీ చేయించుకోండి, మసాజ్ సంగతి తర్వాత.

థెరపిస్ట్‌ను ఎంచుకునేటప్పుడు ఒక్కటి అడగండి: రుద్దుతున్నప్పుడు నాతో మాట్లాడిస్తారా? పడుకోబెట్టి మెడ పిసికి పంపించేస్తామంటే ఇంకొకరిని చూసుకోండి.